గోదావరి డెల్టాలో రీలు కెమెరాలు

వెండి లవణాలు పూసిన ఫిల్మ్ మీద వెలుతురును పట్టి బొమ్మగా నిలిపే కెమెరాను పుస్తకాలు ఫిల్మ్ కెమెరా అంటాయి. గోదావరి జిల్లాల్లో ఇంటింటా పలికిన మాట మాత్రం రీలు. రీలు ఎక్కించడం, రీలు అయిపోవడం, రీలు కడగడానికి ఇవ్వడం, మూత తెరుచుకుని రీలు పోవడం: ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో పెరిగిన ఎవరికైనా ఈ మాటలు కొత్త కాదు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి సముద్రం చేరేదాకా పరుచుకున్న నేలలోనూ, దానికి ఎగువన ఉన్న రాజమహేంద్రవరంలోనూ బతుకుతెరువు కోసం కాక సరదాకు ఫోటోలు తీసినవాళ్ల కెమెరాలను, వాటితో వాళ్లు పట్టిన విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల విభజన తర్వాత ఈ ప్రాంతం తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాల కిందికి వస్తుంది. ఇక్కడ చెప్పే కాలానికి మాత్రం ఉభయ గోదావరి జిల్లాలు అంటేనే సరిపోతుంది.

తీసేవాళ్లు, దిగేవాళ్లు

ఫోటో విషయంలో తెలుగు ఇద్దరికి రెండు వేరువేరు క్రియలు ఇచ్చింది. కెమెరా పట్టుకున్నవాడు ఫోటో తీస్తాడు, ఎదురుగా నిలబడ్డవాడు ఫోటో దిగుతాడు. రేవులో దిగినట్టు, బండి దిగినట్టు ఫోటో కూడా దిగడమే. ఈ మాట ఎలా పుట్టిందో గానీ, గోదావరి ఒడ్డున దీనికి బాగా నప్పింది. ఇక్కడి పాత ఆల్బముల్లో చాలామంది మోకాలిలోతు నీళ్లలో దిగే ఫోటో దిగారు.

చాలాకాలం దిగేవాళ్లే ఎక్కువ, తీసేవాళ్లు తక్కువ. 1839 ఆగస్టు 19న పారిస్‌లో ఫోటో తీసే డాగెర్ పద్ధతిని లోకానికి వెల్లడించారు. అప్పుడు గోదావరి మీద ఆనకట్ట ఇంకా లేదు. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరంలో 1847లో పని మొదలుపెట్టి 1852లో ముగించాడు. మరో నాలుగేళ్లకు, 1856లో, మద్రాసులో ఫోటోగ్రఫీ సొసైటీ ఏర్పడింది. గోదావరి జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే అయినా, గాజుపలక మీద రసాయనం పూసి, అది ఆరేలోగా ఫోటో తీసి కడగాల్సిన ఆ రోజుల్లో కెమెరా అంటే బండెడు సామాను. దొరలకు, జమీందార్లకు, వాళ్లు పిలిపించుకున్న వృత్తి ఫోటోగ్రాఫర్లకు తప్ప మరెవరికీ అందేది కాదు. తర్వాత పట్టణాల్లో స్టూడియోలు వచ్చాయి. వాటిలో మూడుకాళ్ల స్టాండు మీద నిలిపి, నల్లగుడ్డ కప్పుకుని చూసే చెక్క కెమెరాలు ఉండేవి. కేరళలోని అలప్పుళలో టేకుతో తయారైన వాగీశ్వరి కెమెరా దక్షిణాదిన ఎన్నో స్టూడియోల్లో దశాబ్దాలపాటు పనిచేసింది. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందన్న భయం పల్లెల్లో చాలాకాలం పోలేదు. అయినా పెళ్లిచూపులకు పంపే ఫోటో, పోయినవారిని కూర్చోబెట్టి తీసే ఆఖరి ఫోటో, ఈ రెండూ ఆ భయాన్ని పక్కకు నెట్టి స్టూడియోలను నిలబెట్టాయి.

ఫోటో నుంచి సినిమాకు ఇక్కడ దూరం తక్కువ. తెలుగు సినిమాకు ఆద్యుడని చెప్పే మచిలీపట్నం రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫోటో స్టూడియో నడిపినవాడు. కాకినాడకు చెందిన సి. పుల్లయ్య 1920లలోనే సొంత ఊళ్లో మూకీ చిత్రం తీశాడు. నిడమర్తి సూరయ్య 1936లో రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టాడు.

సరదా ఫోటోగ్రఫీకి దారి తెరిచింది మాత్రం చవక పెట్టె. అమెరికాలో కొడాక్ కంపెనీ ఒక్క డాలరు ధరకు బ్రౌనీ అనే అట్టపెట్టె కెమెరాను 1900లో అమ్మకానికి తెచ్చింది. ఆ ఏడాదే రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన రైళ్లకు తెరుచుకుంది. ఈ రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. కానీ తర్వాతి వందేళ్లలో ఆ పెట్టె సంతతి ఈ వంతెనను తీసినన్ని సార్లు డెల్టాలో మరో కట్టడాన్ని తీసి ఉండదు.

డబ్బా కెమెరా నుంచి ఎస్.ఎల్.ఆర్. దాకా

డెల్టాలో మధ్యతరగతి ఇంట అడుగుపెట్టిన తొలి కెమెరా చాలా చోట్ల ఆగ్ఫా క్లిక్ 3. దీన్ని బరోడాలోని న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారు చేసింది. నల్లని డబ్బా, ఒకే కటకం, ఎండకూ మబ్బుకూ చెరో గుర్తు. 120 రకం రీలులో పన్నెండు చదరపు బొమ్మలు పడేవి. దూరం సరిచూసుకునే పని లేదు, నాలుగు బారల దూరంలో నిలబెట్టి నొక్కితే చాలు. నీడలో తీస్తే బొమ్మ రాదు, పరిగెత్తే పిల్లాడిని తీస్తే చెదిరిపోతాడు. అందుకే ఆ తరం ఫోటోల్లో అందరూ ఎండలో కళ్లు చికిలించి, ఊపిరి బిగబట్టి, వరసగా నిలబడి కనిపిస్తారు. దాన్ని ఆనాటి జనం బిగుసుకుపోయే స్వభావమని అనుకోవడం పొరపాటు. అలా నిలబెట్టింది ఆ కటకం. డెల్టా ఫోటోల చరిత్రంతా ఇంచుమించు ఇదే కథ: చేతిలో ఏ కెమెరా ఉందో, కంటికి ఏ విషయం ఆనాలో అదే తేల్చింది.

రీళ్లు కూడా మన దేశానివే దొరికేవి. ఊటీలో ప్రభుత్వం 1960లో నెలకొల్పిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టి, ఇందు అనే పేరుతో నలుపు–తెలుపు ఫిల్మ్‌ను, ఫోటో కాగితాన్ని అమ్మింది. చల్లదనం కోసం ఎంచుకున్న ఊటీలో తయారైన ఆ ఫిల్మ్ రోహిణి కార్తెలో గోదావరి జిల్లాలకు వచ్చి ఏ పాట్లు పడిందో ముందు ముందు తెలుస్తుంది.

డబ్బా మీద మోజు తీరినవాళ్లు జంటకటకాల కెమెరాకు వెళ్లారు. జర్మనీలో 1929లో వచ్చిన రోలైఫ్లెక్స్ దీనికి మూలం. ఇక్కడ అందింది ఎక్కువగా జపాన్ యాషికామాట్. కొందరికి రష్యా లుబిటెల్, చైనా సీగల్ దొరికాయి. పైకటకం చూడటానికి, కిందికటకం తీయడానికి. కెమెరాను బొడ్డు దగ్గర పెట్టుకుని, తల వంచి, పైనున్న గాజుపలకలో చూడాలి. అందులో కుడి ఎడమలు తారుమారు. పడవ ఎగువకు పోతుంటే గాజు మీద దిగువకు పోతుంది, దాని వెంట కెమెరా తిప్పబోతే చెయ్యి ఎదురు తిరుగుతుంది. అలవాటయ్యేదాకా తలనొప్పే. కానీ రేవుల్లో తీసేవాళ్లకు ఈ కెమెరా గొప్ప వరం. కంటికి ఎదురుగా కెమెరా ఎత్తిన మనిషిని చూస్తే జనం సర్దుకుంటారు. తల వంచుకుని ఏదో పెట్టెలోకి చూసుకునేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. స్నానఘట్టాల్లో అసలైన ముఖాలు దొరికింది ఈ పెట్టెకే.

ముప్పయ్యయిదు మిల్లీమీటర్ల రీలు వచ్చాక లెక్క మారింది. పన్నెండు కాస్తా ముప్పయ్యారయింది. జాగ్రత్తగా ఎక్కిస్తే ముప్పయ్యేడోదీ ముప్పయ్యెనిమిదోదీ పడేవి, ఆ అదనపు బొమ్మ కోసం పడే ఆరాటం ఇంతా అంతా కాదు. వెలుతురును తానే కొలిచి వేగం నిర్ణయించుకునే యాషికా ఎలక్ట్రో 35 (1966) చూసి మురిసిపోయినవాళ్లు ఉన్నారు. తర్వాత కటకం మార్చుకునే ఎస్.ఎల్.ఆర్.లు వచ్చాయి. సోవియట్ జెనిట్ చవకగా, ఇనుపముద్దలా ఉండేది. దాని షట్టరు పడితే వచ్చే చప్పుడుకు గట్టు మీద కొంగ లేచిపోయేది. 1976లో వచ్చిన పెంటాక్స్ కె1000 ఇరవై ఏళ్లపాటు నేర్చుకునేవాళ్ల పలకాబలపంలా నిలిచింది. నికాన్ ఎఫ్‌ఎం2 ఉన్నవాడు ఊళ్లో మోతుబరి కింద లెక్క. గల్ఫ్ ఉద్యోగాలకు వెళ్లిన కోనసీమవాళ్లు సెలవుల్లో టేప్ రికార్డరుతోపాటు కెమెరా తేవడం 1980లలో మామూలయింది.

జనంలోకి అందరికన్నా లోతుగా చొచ్చుకుపోయినవి మాత్రం వీటిలో ఏవీ కావు. 1980లలో ఖటక్ అనే ప్రకటనతో ఊరూరా తెలిసిన హాట్‌షాట్, ఆ తర్వాత మీట నొక్కితే పైకి లేచే ఫ్లాషుతో యాషికా ఎంఎఫ్‌–2, 1990లలో కొడాక్ కెబి10. కొట్టగానే వెలుగుతుంది కాబట్టి ఇంట్లోకీ రాత్రిలోకీ ఫోటో వచ్చింది. పెళ్లిపందిట్లో భోజనాల బంతి, బారసాల ఉయ్యాల, పేకాట, నిద్రపోతున్న తాతయ్య, ఇవన్నీ ఫ్లాషు పుణ్యమే. కళ్లు ఎర్రగా, గోడ మీద నల్లని నీడ, ముఖాలు సున్నం పూసినట్టు తెల్లగా రావడం కూడా దాని పుణ్యమే. తీసేది తెలియనివాడి చేతికి కెమెరా ఇస్తే ఏమవుతుందో కె. విశ్వనాథ్ 1983లో ‘సాగర సంగమం’లో ఒక కుర్రాడి పాత్ర ద్వారా చూపించాడు. దానికి పగలబడి నవ్విన ప్రేక్షకుల ఇళ్లలోనూ తలలు తెగిపోయిన ఫోటోలు కొన్ని ఉండే ఉంటాయి.

ఎండ, నీళ్లు, కడగడం

మీటరు లేని కెమెరాతో తీసేవాళ్లకు రీలుపెట్టె మీద అచ్చేసిన బొమ్మలే గురువులు. నిండు ఎండలో వంద వేగపు ఫిల్మ్‌కు రంధ్రం పదహారు దగ్గర, షట్టరు సెకనులో నూటపాతికో వంతు దగ్గర పెట్టుకోవాలన్నది లోకమంతా పాటించే సూత్రం. డెల్టాలో దీనికి సవరణలు కావాలి. లంకల్లో ఇసుక, నీటి తళతళ కలిసి వెలుతురును రెట్టిస్తాయి, అక్కడ ఒక మెట్టు మూయాలి. అక్కడి నుంచి వంద గజాలు నడిచి కొబ్బరితోటలోకి వస్తే మూడు మెట్లు తెరవాలి. ఆ తోటలోనూ ఆకుల సందుల్లోంచి పడే ఎండమచ్చలు ముఖాన్ని పులిచర్మంలా చేస్తాయి. కోనసీమలో మనుషుల్ని తీయడానికి మబ్బు పట్టిన పూటను మించింది లేదన్న సంగతి రెండు మూడు రీళ్లు పాడు చేసుకుంటే గానీ ఎవరికీ ఒంటబట్టదు.

సూర్యుడి దిక్కు మరో పాఠం. రాజమండ్రి నదికి తూర్పు ఒడ్డున ఉంది. అంటే సూర్యుడు ఊరి వెనక లేచి, నీళ్ల మీదుగా వెళ్లి కొవ్వూరు వైపు దిగుతాడు. పుష్కరఘాట్ నుంచి, కోటిలింగాల రేవు నుంచి వచ్చేవన్నీ సాయంకాలపు బొమ్మలే. ఎదుటి వెలుతురులో పడవా మనిషీ నల్లని ఆకారాలై నిలుస్తాయి. నీటి మీద తొలిపొద్దు కావాలంటే ఏరు దాటి కొవ్వూరు గోష్పాద క్షేత్రం మెట్ల మీదికి వెళ్లాలి. ధనుర్మాసంలో మంచు పట్టినప్పుడు అవతలి ఒడ్డు మాయమై, వంతెన స్తంభాలు ఒక్కొక్కటే పలచబడుతూ పోయే దృశ్యం అక్కడి నుంచే బాగా దొరుకుతుంది.

తీయడం సగం పనే. నలుపు–తెలుపు ఫిల్మ్‌ను కడిగే మందు ఇరవై డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర ఉండాలని పొట్లం మీద రాసి ఉంటుంది. గోదావరి జిల్లాల్లో వేసవిలో కుళాయి నీళ్లే ముప్పై దాటతాయి. ఆ వేడిలో మందు తొందరగా పనిచేస్తుంది. కడిగే సమయం సగానికన్నా తగ్గిపోయి, ఫిల్మ్ మీద మచ్చలూ చారలూ వస్తాయి. పూతలోని జిలటిన్ మెత్తబడి గోరు తగిలితే లేచిపోతుంది. మందుసీసాను ఐసుముక్కలు వేసిన బేసినులో నిలబెట్టడం, బొమ్మను నిలిపే హైపో మందులో పటిక కలిపి పూతను గట్టిపరచడం, రాత్రి రెండు మూడింటికి లేచి కడగడం దీనికి తెలిసిన విరుగుళ్లు. వంటిల్లు సర్దేశాక కిటికీలకు దుప్పట్లు కట్టి చేసే పని కాబట్టి రాత్రివేళ ఎలాగూ తప్పేది కాదు. వరదల నెలల్లో ఎర్రనీరు మరో పీడ. తాగడానికైతే చిల్లగింజ అరగదీసి నీటిని తేర్చుకోవచ్చు గానీ, కంటికి కనపడని ఒండ్రురేణువు ఒక్కటి మిగిలినా ఫిల్మ్ మీద చుక్కై కూర్చుంటుంది. కాచి, బట్టతో వడగట్టి, చల్లార్చిన నీటితోనే ఆఖరి కడుగు కడగాలి.

ఇందులో ఒక వింత ఉంది. రంగుల రీలును కడిగే సి–41 పద్ధతికి మందు దాదాపు 38 డిగ్రీల వేడిలో ఉండాలి. చల్లటి దేశాలవాళ్లు దానికోసం నీళ్లు కాచుకుంటారు. మే నెల రాజమండ్రిలో ఆ వేడి ఊరికే దొరుకుతుంది. కానీ రంగుల పనిని ఇంట్లో చేసుకున్నవాళ్లు తక్కువ, అది కలర్ ల్యాబుల సొత్తయింది. రంగు రావడంతో కడిగే పని తీసేవాడి చేతుల్లోంచి జారిపోయింది. పాతవాళ్లలో కొందరు నలుపు–తెలుపును విడవకపోవడానికి కళాభిమానంతోపాటు ఈ కోపమూ ఒక కారణం.

ఏం తీశారు

ముందుగా తీసినవి మనుషుల్నే, అందులోనూ సొంతవాళ్లను. సంక్రాంతికి అల్లుళ్లూ కూతుళ్లూ చేరినప్పుడు వీధిలో ఒకరి కెమెరా నాలుగిళ్లు తిరిగేది. రీలు ఎవరికివారు కొనుక్కోవాలి. ముగ్గు ముందు ఒకటి, గొబ్బెమ్మల దగ్గర పిల్లలతో ఒకటి, గేదెల పాక పక్కన కొత్తబట్టల్లో ఒకటి, అందరూ కలిసి ఒకటి. మిగిలిన రెండు మూడు బొమ్మల్నీ ఊరకే పాడుచెయ్యడమెందుకని గోదారి గట్టుకు వెళ్లి ముగించేవారు. ఇప్పుడు ఆ ఆల్బములు చూస్తే విలువ ముందు నిలబడ్డవాళ్ల నుంచి వెనకకు మారిపోయిందనిపిస్తుంది. మేనమామ భుజం వెనక అతుకుల తెరచాప వేసుకుని పోతున్న పడవ, అత్తయ్య పక్కన పెంకుటింటి అరుగు, పిల్లల తలల మీదుగా హేవలాక్ వంతెన మీద పొగ వదులుతున్న రైలు. వాటిని తీయాలని ఎవరూ అనుకోలేదు. అడ్డం వచ్చాయి, పడ్డాయి. నది బతుకును దశాబ్దాలపాటు ఓపికగా నమోదు చేసింది ఈ అడ్డం పడ్డ బొమ్మలే.

కావాలని తీసినవాటిలో వంతెనలది మొదటి స్థానం. హేవలాక్ వంతెనకు 56 అంకణాలు, పొడవు రెండున్నర కిలోమీటర్లకు పైమాటే. రాతిస్తంభాలు వరసగా దూరమవుతూ చిన్నబడిపోయే తీరు నలుపు–తెలుపు ఫిల్మ్ కోసమే కట్టినట్టుంటుంది. 1974లో రోడ్డు–రైలు వంతెన వచ్చాక దాని పైఅంతస్తు నుంచి నదిని కిందికి చూసి తీసే అవకాశం కలిగింది. అంతకుముందు ఆ కోణం పక్షులకే. 1997లో హేవలాక్ వంతెన మీద రాకపోకలు ఆగిపోయాయి. ఆ ఏడాదే పూర్తయిన, విల్లువంపుల కాంక్రీటు వంతెన దాని స్థానాన్ని తీసుకుంది. అప్పటినుంచి రాజమండ్రి గుర్తు అనగానే జనం తీసేది ఆ విల్లులనే. నీటిలో నీడ పడితే ఒక్కో విల్లూ నిండు సున్నా అవుతుంది. అందమే గానీ, చూసి చూసి మొహం మొత్తిన అందం.

రేవులు, స్నానాలు ఆ తర్వాత. పుష్కరాలు పన్నెండేళ్లకొకసారి వస్తాయి కనుక కెమెరాల చరిత్రకు అవి మైలురాళ్లలా పనికొస్తాయి. 1991 పుష్కరాలు పూర్తిగా రీలువి. 2003లో రీలే ఎక్కువ, డిజిటల్ అక్కడక్కడ. 2015 నాటికి చేతిఫోనుదే రాజ్యం. మూడింటి ఫోటోలనూ పక్కపక్కన పెడితే జనం ఏమీ మారలేదు, తీసేవాడు నిలుచునే దూరం మారింది. రీలు కెమెరావాడు ఒక్క ముసలమ్మ అర్ఘ్యం వదిలే క్షణం కోసం మెట్టు మీద గంట కూర్చునేవాడు. ముప్పయ్యారే ఉన్నాయి మరి. స్నానం చేసే స్త్రీలను అడగకుండా తీసి, పోటీలకు పంపి, మెచ్చుకోళ్లు పొందిన ఫోటోలు ఆ కాలంలో తక్కువేమీ లేవు. వాటిని ఇప్పుడు చూసేటప్పుడు కూర్పు ఎంత బాగున్నా చెయ్యి వెనక్కు తీసుకోబుద్ధేస్తుంది.

పడవలది పెద్ద కథ. చుక్కాని పట్టిన సరంగు, గడ వేసే మనిషి, గట్టు వెంట తాడు లాగుతూ పడవను ఎగువకు తీసుకెళ్లేవాళ్లు, కాలవల్లో ధాన్యం బస్తాలు. ఆదుర్తి సుబ్బారావు ‘మూగమనసులు’ (1964), బాపు ‘అందాల రాముడు’ (1973) ఈ పడవలను తెలుగుదేశమంతటికీ చూపించాక, తెరచాపను వెతుక్కుంటూ కెమెరాలతో వచ్చేవాళ్లు పెరిగారు. బాపు ‘సాక్షి’ (1967) పులిదిండిలో తీసింది. తర్వాత ఆ వైపు పల్లెటూరంటే ఎలా కనబడాలో సరదా ఫోటోగ్రాఫర్ల కళ్లలో ఒక అచ్చు పడిపోయింది. అంతకు చాలాముందే రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925), అతణ్ణి ప్రోత్సహించిన ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఈ నేలను బొమ్మలకు తగిన వస్తువుగా చూశారు. ఫోటో తీసేవాడి కన్ను ఖాళీగా ఎప్పుడూ రాదు. ఏరు దాటించే పంట్లు కూడా బాగా తీసిన విషయమే: సైకిళ్లు, పాలబిందెలు, ఒక అంబాసిడర్ కారు, దాని పక్కన మేక. యానాం–ఎదుర్లంక, దిండి–చించినాడ వంతెనలు కట్టాక అక్కడ ఆ రద్దీ బొమ్మలకే మిగిలింది.

కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గట్టు మీద ఉన్న నిద్రగన్నేరును అందరూ సినిమా చెట్టు అనేవారు. నూటయాభై ఏళ్ల నాటిదని ప్రతీతి. ఎన్నో సినిమాల్లో కనిపించిన ఆ చెట్టు కింద నిలబడి ఫోటో దిగనివాళ్లు ఆ చుట్టుపక్కల అరుదు. 2024 ఆగస్టులో అది కూలింది. ఒక్క రోజులో పాత ప్రింట్లకు ధర పెరగకపోయినా వెతుకులాట పెరిగింది.

రంగుల రీలు లేకపోతే తీసి లాభం లేని విషయాలు కొన్ని ఉన్నాయి. కనుమనాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం అలాంటిది. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద వస్తాయి. కొన్ని పచ్చని చేలను తొక్కుకుంటూ, కౌశిక నీళ్లలో దిగి మరీ. ఆ రంగుబట్టల ప్రభ బరువుకు వంగుతూ నీటిలోకి దిగే క్షణం కోసం ఫోటోగ్రాఫర్లు ఒడ్డున కాచుకుని ఉంటారు. కడియం నర్సరీల పూలమళ్లూ రంగుకు చెందినవే. అక్కడ తీయడం మరీ సులువు కాబట్టి గుర్తుండే ఫోటో రావడం కష్టం.

పనివాళ్ల బొమ్మలు లెక్కకు మిక్కిలి. కొబ్బరి దింపు తీసేవాడు చెట్టు మొవ్వులో ఉండగా కింద నుంచి తీసినవి, ఒలుపు గుట్టలు, నాట్లు వేసే వరస, ఉప్పాడ తీరంలో వలలు లాగే జనం. నరసాపురం ప్రాంతపు లేసు అల్లే ఆడవాళ్లు మాత్రం అనుకున్నంతగా కెమెరాకు చిక్కలేదు. వాళ్లు కూర్చునేది ఇంటి వసారాలో, నీడలో. తెల్లని దారం, తెల్లని గోడ, దిగువచూపు. పాత ఫిల్మ్‌కు అది గట్టి పరీక్షే. ప్రపంచమంతా తిరిగిన ఆ అల్లిక వెనక ముఖాలు ఫోటోల్లో తక్కువగా ఉండటానికి వెలుతురు ఒక కారణం, ఇంట్లోకి పరాయి మగవాడు కెమెరాతో రాలేకపోవడం అంతకన్నా పెద్ద కారణం. సరదా ఫోటోగ్రాఫర్లలో ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్న కాలమది.

పక్షుల ఫోటోలు పొడవాటి కటకాలు అందాకే వచ్చాయి. కొల్లేరులో కైకలూరు దగ్గర ఆటపాక, గూడబాతులకూ ఎర్రకాళ్ల కొంగలకూ పేరుపడింది. కాకినాడ పక్కన కోరింగ మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఈ రెండుచోట్లా రీలు కెమెరావాడి కష్టం చెప్పనలవి కాదు. పడవ ఊగుతుంటే, నాలుగొందల వేగపు ఫిల్మ్ గరుకుతో, చేతితో స్పష్టత సరిచూసుకుంటూ తీసిన ముప్పయ్యారింటిలో ఒకటి నిలబడితే పండగ.

పోటీలకు పంపే ఫోటోల లోకం వేరు. దేశంలో ఛాయాచిత్ర సంఘాల సమాఖ్య 1953లో ఏర్పడింది, అంతర్జాతీయ సమాఖ్య అంతకు మూడేళ్ల ముందు. వాటి గుర్తింపు ఉన్న ప్రదర్శనలకు డెల్టా నుంచి పెద్ద ప్రింట్లు తపాలాలో వెళ్లేవి. వెనక స్టిక్కర్లు అంటించుకుని తిరిగి వచ్చేవి. ఆ ప్రదర్శనల అభిరుచి ఇక్కడి చూపును దిద్దింది, కొంత చెడగొట్టింది కూడా. ఎదుటి వెలుతురులో దుమ్ము లేపుతూ పోయే మందలు, పొగమంచులో ఒంటరి పడవ, ముడతల ముసలి ముఖం. చెమటను కూడా మెరుపు కింద జమకట్టే ఆ పద్ధతిలో పనివాడి పేరు, కూలి, ఊరు ఎక్కడా కనిపించవు.

అందుకు విరుగుడు విపత్తులు. 1986 ఆగస్టు వరదలో, 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుడిచిపెట్టిన తుపానులో సరదా కెమెరాలు సాక్ష్యపు కెమెరాలయ్యాయి. నేలకొరిగిన కొబ్బరితోటలు, గట్ల మీద గుడారాలు, పైకప్పు లేని బడి. నష్టపరిహారం దరఖాస్తులకు జతచేయడానికి తీసిన ఈ ఫోటోల్లో కూర్పు గురించి ఎవరూ ఆలోచించలేదు, బహుశా అందుకే అవి అంత సూటిగా ఉంటాయి.

బూజు

డెల్టాలో పాత కెమెరాకు తేమే పెద్ద శత్రువు. కటకం లోపల సాలెగూడులా అల్లుకునే బూజు గాజు మీది పూతను తినేస్తుంది, ఆ తర్వాత తుడిచినా మచ్చ పోదు. అందం కోసం కుట్టించిన తోలుసంచి తేమను పట్టి ఉంచి దీనికి తోడ్పడుతుంది. కెమెరాను అందులోనే ఏళ్లతరబడి దాచినవాళ్లే ఎక్కువ నష్టపోయారు. బియ్యం డబ్బాలో పెట్టడం ఇళ్లలో తెలిసిన చిట్కా, కానీ తవుడు దుమ్ము కటకంలో చేరుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు మేలు. నీలంగా ఉన్న గుళికలు గులాబీరంగుకు తిరిగితే పెనం మీద వేయించి మళ్లీ వాడుకోవచ్చు. బీరువాలో చిన్న బల్బు వెలిగించి ఉంచేవాళ్లూ ఉన్నారు. 1970ల నాటి ఎస్.ఎల్.ఆర్.లలో వెనకమూత చుట్టూ వేసిన స్పాంజి పట్టీ తారులా జిగురైపోతుంది. గీకేసి, కొత్త పట్టీ అంటించకుండా రీలు ఎక్కిస్తే ప్రతి బొమ్మకూ అంచున వెలుతురు చారే.

నెగిటివ్‌ల గతి మరీ అన్యాయం. ప్రింటును అద్దం కట్టించి గోడకు వేలాడదీశారు, నెగిటివ్‌ను కవరులో వేసి అటక మీద పారేశారు. గోడ చెమ్మకు ప్రింటు అద్దానికి అతుక్కుపోతుంది, అటక మీద వేడికి ఫిల్మ్ ముడుచుకుని పులిసిన వాసన కొడుతుంది. అద్దానికి అతుక్కున్న ప్రింటును లాగడం కన్నా, అద్దంతో సహా అలాగే కొత్తగా ఫోటో తీసుకోవడం క్షేమం.

ఇప్పుడు

డిజిటల్ రాక డెల్టాలో నెమ్మదిగా మొదలై ఒక్కసారిగా ముగిసింది. 2006లో నికాన్ తన ఫిల్మ్ కెమెరాల్లో చాలావాటి తయారీని ఆపేసింది, కొనికా మినోల్టా ఫోటో వ్యాపారాన్నే వదిలేసింది. కొన్నేళ్లలో పట్టణాల్లోని కలర్ ల్యాబులు రీళ్లు కడిగే యంత్రాలను మూలపడేసి, చిప్పు నుంచి ప్రింటు వేసే పనికి మారాయి. ఊటీ కర్మాగారమూ మూతపడింది.

గత కొన్నేళ్లుగా, తాతల కెమెరాను అటక మీంచి దించిన కుర్రకారు మళ్లీ రీలు వెతుకుతున్నారు. కొత్త రీలు ధర పాతవాళ్లకు చెబితే నమ్మరు. రంగుల రీలును కడిగించడానికి ఎక్కువమంది పార్సిలు కట్టి పెద్ద నగరాలకు పంపుతారు, నలుపు–తెలుపును మాత్రం మళ్లీ వంటిళ్లలోనే కడుగుతున్నారు. బొమ్మలు ఫోనుకు చేరడానికి వారమో రెండు వారాలో పడుతుంది. రేవులో ఫోటో తీయించుకున్న పడవవాడు వెంటనే చూపించమంటే, వెనక తెర లేని కెమెరాను తిప్పి చూపించి నవ్వించాల్సిందే. కొందరు ప్రింటు వేయించి, మళ్లీ ఆ రేవుకే వెళ్లి, దిగినవాళ్ల చేతికి ఇచ్చి వస్తున్నారు.